హెడ్ కోచ్ కుర్చీ ఖాళీ అయితే ఎవరిని ఎలా తూచాలి

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ హెడ్ కోచ్‌ని తీసేశారన్న వార్త వచ్చిన గంటకల్లా పేర్లు మొదలవుతాయి. ఫలానా చోట కోచ్ నిరుడు పదకొండు మ్యాచ్‌లు గెలిచాడట, ఫలానా కోఆర్డినేటర్ (హెడ్ కోచ్ కింద దాడినో రక్షణనో చూసే కోచ్) టీమ్ మ్యాచ్‌కి నలభై పాయింట్లు కొడుతోందట, ఫలానా ఆయన మన దగ్గరే చదువుకున్నాడట. నెబ్రాస్కా రాష్ట్రంలోని మా లింకన్‌లో ఆ వారమంతా ఆఫీసులో అదే మాట, కిరాణా షాపు క్యూలో అదే మాట, మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనూ అదే మాట.

నేను నెబ్రాస్కా యూనివర్సిటీలో ఎంఎస్ చేయడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఇక్కడే ఉండిపోయాను. యూనివర్సిటీ టీమ్ ఆడే మెమోరియల్ స్టేడియం టికెట్లు 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కీ అమ్ముడైపోతూనే ఉన్నాయి. ఇంత అభిమానం ఉన్న చోట 2003 నుంచి 2022 లోపు ఐదుగురు హెడ్ కోచ్‌లను తీసేశారు: ఫ్రాంక్ సోలిచ్, బిల్ కాలహాన్, బో పెలీనీ, మైక్ రైలీ, స్కాట్ ఫ్రాస్ట్. ఖాళీ వచ్చిన ప్రతిసారీ పేర్ల వెంట పరిగెత్తడం కంటే ఒక పద్ధతి పెట్టుకోవడం మంచిదనిపించి, నోట్‌బుక్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పేజీ రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. మన మాట కోచ్‌ని ఎంపిక చేసే అథ్లెటిక్ డైరెక్టర్ దాకా వెళ్లదు, నిజమే. కానీ సీజన్ టికెట్ల డబ్బు మనది. ఆ కోచ్ చేతి కింద నాలుగేళ్లు పెరిగే పిల్లలు మన ఊళ్ల పిల్లలు. అందుకే ఎవరొస్తున్నారో మనం కూడా శ్రద్ధగా చూడాలి.

ముందే ఒక మాట. అభ్యర్థి ఎన్ని గెలిచాడన్నది పేజీలో ఒక్క గీత మాత్రమే. తను వెళ్లిన చోట ఏం మార్చాడు, మన చోట లేనిది అదేనా అన్నదే మిగతా పేజీ అంతా.

ముందు ఉద్యోగాన్ని తూచండి

పేర్ల జోలికి పోకముందు మొదటి పేజీలో మీ స్కూల్ గురించి రాయండి. ఇక్కడ ఏం ఉంది, ఏం లేదు, ఎంత ఓపిక ఉంది.

నెబ్రాస్కా పేజీ ఇలా ఉంటుంది. డబ్బుంది. స్టేడియం ఉంది. రాష్ట్రం మొత్తానికీ ఒకటే పెద్ద టీమ్, కాబట్టి అభిమానం చీలదు. లేనిది ఆటగాళ్లు. రాష్ట్ర జనాభా సుమారు 20 లక్షలు. పెద్ద టీమ్‌కి కావాల్సినంత మంది పిల్లలు ఇక్కడి హైస్కూళ్ల నుంచే రారు. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియా వెళ్లి ఒప్పించి తీసుకురావాలి. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే స్కూళ్ల కూటమిలో) ఉన్నన్నాళ్లూ టెక్సస్ టీమ్‌లతో ఆడేవాళ్లం కాబట్టి అక్కడి పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి మన పేరు పరిచయం. 2011లో బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి మారాక ఆ దారి సన్నబడింది. ఇక ఓపిక. సోలిచ్‌ని 9-3 రికార్డు మీద, అంటే తొమ్మిది గెలిచి మూడు ఓడాక, తీసేశారు. పెలీనీ ఉన్న ఏడేళ్లూ ఏటా తొమ్మిదో పదో గెలిచాడు, ఆయన్నీ 9-3 మీదే పంపారు. చివరి కాన్ఫరెన్స్ టైటిల్ 1999లో వచ్చింది. అంటే ఏటా తొమ్మిది గెలిస్తే చాలదని చెప్పి, ఆ తొమ్మిది కూడా పోగొట్టుకున్న చోటు ఇది. కొత్తగా వచ్చేవాడు ఈ చరిత్ర తెలిసి వస్తాడు. మంచి ఏజెంట్ ఉంటే ఇది చూపించే ఎక్కువ ఏళ్ల కాంట్రాక్ట్ అడుగుతాడు.

పక్క రాష్ట్రం అయోవా కూడా ఇలాంటిదే, జనాభా మాత్రం ఇక్కడి కంటే ఎక్కువ. అక్కడ కర్క్ ఫెరెంట్జ్ 1999లో వచ్చి మొదటి ఏడాది 1-10, రెండో ఏడాది 3-9. అప్పుడు ఆగారు. మూడో ఏడాది 7-5, నాలుగో ఏడాది 11-2. ఆ ఆగడం అన్నది కోచ్ గుణం కాదు, స్కూల్ గుణం. అందుకే మొదటి పేజీ స్కూల్‌దే అంటున్నాను.

ఇది రాసుకోకపోతే రికార్డులు మోసం చేస్తాయి. ఎల్‌ఎస్‌యూలో, అంటే లూయిజియానా స్టేట్ యూనివర్సిటీలో, వరుసగా ముగ్గురు కోచ్‌లు నేషనల్ టైటిల్ గెలిచారు: 2003లో నిక్ సేబన్, 2007లో లెస్ మైల్స్, 2019లో ఎడ్ ఓర్జెరాన్. ముగ్గురివీ మూడు రకాల పద్ధతులు. లూయిజియానాలో మంచి ఆటగాళ్లు పుట్టుకొస్తూనే ఉంటారు, వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచీ ఆ జెర్సీ వేసుకోవాలనే అనుకుంటారు. అక్కడి పది గెలుపులూ కాన్సస్‌లో పది గెలుపులూ ఒకటి కావు. కృష్ణా కాలువ కింద నలభై బస్తాలు పండించిన రైతునీ, అనంతపురం మెట్టలో ఇరవై పండించిన రైతునీ పక్కపక్కన పెట్టి నలభై పెద్దది కదా అంటే మన ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా?

ఆయన రాకముందు ఎలా ఉంది, వెళ్లాక ఎలా ఉంది

నా పేజీలో ఎక్కువ చోటు తీసుకునేది ఇదే. అభ్యర్థి పనిచేసిన ప్రతి చోటికీ మూడు అంకెలు రాస్తాను: ఆయన రాకముందు రెండు మూడేళ్ల రికార్డు, ఆయన ఉన్నప్పటి రికార్డు ఏడాది వారీగా, ఆయన వెళ్లాక మొదటి ఏడాది రికార్డు. ఈ మూడూ పక్కపక్కన ఉంటే కథ దానంతట అదే బయటపడుతుంది.

స్కాట్ ఫ్రాస్ట్ పేజీ చూడండి. 2017 చివర్లో దేశంలో అందరూ అడుగుతున్న పేరు ఆయనది. నెబ్రాస్కాలోని వుడ్ రివర్ ఊరి కుర్రాడు, 1997లో టైటిల్ గెలిచిన మా టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతిని పాస్ చేసే ఆటగాడు. సెంట్రల్ ఫ్లోరిడా టీమ్, అదే యూసీఎఫ్, 2015లో 0-12. ఫ్రాస్ట్ వెళ్లాక 2016లో 6-7, 2017లో 13-0. రెండేళ్లలో సున్నా నుంచి పదమూడు! ఇంతవరకే చదివితే ఇంకెవర్నీ చూడక్కర్లేదు.

ఇప్పుడు ముందూ వెనకా చదవండి. యూసీఎఫ్ 2013లో 12-1, ఫియెస్టా బౌల్ (సీజన్ చివర్లో ఆడే పెద్ద బౌల్ మ్యాచ్‌లలో ఒకటి) గెలిచింది. 2014లో 9-4. అంటే 0-12 ఆ టీమ్ అసలు స్థాయి కాదు, అన్నీ ఒకేసారి చెడిపోయిన ఒక ఏడాది. ఓర్లాండోలో ఉన్న స్కూల్, చుట్టూ ఫ్లోరిడా ఆటగాళ్లు. ఫ్రాస్ట్ వెళ్లిపోయాక జాష్ హైపెల్ వచ్చి 2018లో అదే జట్టుతో 12-1 తెచ్చాడు. ఫ్రాస్ట్ అక్కడ బాగా పనిచేశాడు, ఆ మాట ఎవరూ కాదనలేరు. క్వార్టర్‌బ్యాక్ మెకెంజీ మిల్టన్‌ని హవాయి నుంచి తెచ్చుకున్నది ఆయనే. కానీ ఈ పేజీ అడిగే ప్రశ్న వేరే: లోపల బలం ఉండి పడిపోయిన టీమ్‌ని లేపడం వచ్చినవాడికి, పునాది నుంచి కట్టడం కూడా వచ్చా? దానికి రెండేళ్ల రికార్డులో జవాబు ఉండదు. తను తెచ్చుకున్న పిల్లలే మూడో ఏడాదికి సీనియర్లయి ఓడిపోతుంటే ఏం చేస్తాడో ఎవరూ చూడలేదు. నెబ్రాస్కాలో ఆయన 16-31.

అదే పద్ధతిలో లాన్స్ లైపోల్డ్ పేజీ. విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో, అంటే స్కాలర్‌షిప్‌లు ఇవ్వని డివిజన్ 3లో, 109-6, ఆరు టైటిళ్లు. తర్వాత బఫెలో. తర్వాత కాన్సస్: ఆయన రాకముందు ఏడాది 0-9, వచ్చాక 2-10, 6-7, 9-4. మెట్లు ఎక్కినట్టు కనిపిస్తుంది. మొదటి ఏడాది అంకె చిన్నదే, కానీ దిశ తెలుస్తుంది. ఇప్పుడు మా కోచ్ మ్యాట్ రూల్ పేజీ కూడా అలాంటిదే: టెంపుల్ యూనివర్సిటీలో 2-10, 6-6, తర్వాత రెండేళ్లూ పది పది గెలుపులు. బేలర్‌లో 1-11, 7-6, 11-3. రెండు వేరు వేరు చోట్ల ఒకే గ్రాఫ్ వస్తే అది అదృష్టం అనుకోనక్కర్లేదు. లింకన్‌లో ఆ గ్రాఫ్ అంత నిటారుగా లేదు గానీ 2024లో 7-6తో, 2016 తర్వాత మళ్లీ బౌల్ మ్యాచ్ ఆడాం.

ఇక కర్ట్ సిగ్నెటి. 2023 నవంబరులో ఇండియానా ఆయన్ని తీసుకున్నప్పుడు ఆయనకి 62 ఏళ్లు. పెద్ద కాన్ఫరెన్స్‌లో హెడ్ కోచ్‌గా అనుభవం లేదు. కానీ పేజీ చూడండి: ఐయూపీ అనే డివిజన్ 2 కాలేజీ, తర్వాత ఈలాన్, తర్వాత జేమ్స్ మాడిసన్. అన్నీ కలిపి 119-35, ఒక్క ఏడాది కూడా ఓటములు గెలుపుల్ని మించలేదు. మూడు వేరు వేరు స్థాయిల్లో, మూడు రకాల వనరులతో. ముందు ఏడాది 3-9 ఉన్న ఇండియానా 2024లో 11-2తో ప్లేఆఫ్‌కి వెళ్లింది, 2025లో బిగ్ టెన్ టైటిల్, ఆపైన నేషనల్ టైటిల్ కూడా గెలిచింది. ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయిన స్కూళ్లలో ఒకటిగా పేరుపడ్డ చోట! మైక్ రైలీని మేం తెచ్చుకున్నప్పుడు ఆయన వయసు 61, ఇక్కడ 19-19. దాదాపు ఒకే వయసు, రెండు ఫలితాలు. వయసు గీత నా పేజీలో చాలా చిన్నది.

దగ్గరి మ్యాచ్‌లు

ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో అయిపోయిన మ్యాచ్‌లను విడిగా లెక్కపెట్టండి. ఒక అభ్యర్థి నిరుడు 10-2, అందులో ఆరు మ్యాచ్‌లు ఇలా గెలిచినవే అయితే జాగ్రత్త. బంతి ఎటు దొర్లుతుందో, రిఫరీ జెండా ఎప్పుడు పడుతుందో కోచ్ చేతిలో ఉండదు. వచ్చే ఏడాది అవే మ్యాచ్‌లు సగం ఓడొచ్చు. పెద్ద తేడాతో గెలిచినవే అసలు బలాన్ని చెబుతాయి.

కానీ ఏళ్ల తరబడి ఒకే వైపు జరుగుతుంటే దాన్ని దురదృష్టం అనకూడదు. 2021లో మా టీమ్ 3-9. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కదాంట్లో కూడా తేడా రెండంకెలకి చేరలేదు. ఏడాది మొత్తం మీద కొట్టిన పాయింట్లు ఇచ్చిన పాయింట్ల కంటే ఎక్కువ! ఫ్రాస్ట్ ఉన్న కాలం మొత్తంలో ఒక స్కోరు తేడా (ఎనిమిది పాయింట్ల లోపు) మ్యాచ్‌లు 5-22. ఆ స్థాయిలో అది అలవాటు: పంట్లు, కిక్‌లు సరిగ్గా లేకపోవడం, గడియారం చూసుకోకపోవడం, తొందరపాటు నిర్ణయాలు. 2022 ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద మూడో క్వార్టర్‌లో 28-17 ఆధిక్యంలో ఉన్నాం. ఊపు మనది. అప్పుడు బంతిని దూరంగా కొట్టాల్సింది పోయి, మళ్లీ మనమే పట్టుకోవాలని ఆన్‌సైడ్ కిక్ కొట్టించారు. బంతి నార్త్‌వెస్టర్న్‌కి దొరికింది, మైదానం మధ్యలో. అక్కడి నుంచి మ్యాచ్ తిరిగిపోయింది, 31-28తో ఓడిపోయాం. ఆ ఏడాది నార్త్‌వెస్టర్న్ గెలిచింది అదొక్కటే, మిగతా పదకొండూ ఓడింది.

అభ్యర్థి పాత మ్యాచ్‌లు యూట్యూబ్‌లో పూర్తిగా దొరుకుతాయి. హైలైట్స్ చూడకండి. ఆయన ఓడిపోయిన దగ్గరి మ్యాచ్ ఒకటి తీసుకుని నాలుగో క్వార్టర్ మాత్రం మొత్తం చూడండి. టైమౌట్లు ఎప్పుడు వాడాడు, నాలుగో డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్లడానికి మిగిలిన చివరి ప్రయత్నంలో) ఏం చేశాడు, పెనాల్టీ పడ్డ కుర్రాడితో సైడ్‌లైన్లో ఎలా మాట్లాడాడు. చివరిది నాకు ముఖ్యం. కెమెరా ఉందని తెలిసి కూడా పిల్లవాడి మొహం మీద అరిచేవాడు కెమెరా లేనప్పుడు ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు.

పిల్లల్ని ఎక్కడి నుంచి తెస్తాడు, ఎంతమందిని నిలుపుకుంటాడు

ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని చేయగల పని, అయినా ఎక్కువమంది చేయరు. ప్రతి టీమ్ వెబ్‌సైట్‌లో రోస్టర్, అంటే ఆటగాళ్ల జాబితా, ఉంటుంది, ఆటగాడి పేరు పక్కన ఊరు, హైస్కూల్, అంతకుముందు ఆడిన కాలేజీ ఉంటాయి. అభ్యర్థి ప్రస్తుత టీమ్ రోస్టర్ తెరిచి రాష్ట్రాల వారీగా లెక్కపెట్టండి. ఆయన ఫ్లోరిడాలో ఉండి ఫ్లోరిడా పిల్లలనే తెచ్చుకున్నాడా, లేక వేల మైళ్ల అవతలి నుంచి కూడా తెచ్చాడా? లింకన్ లాంటి చోటికి రెండో రకం కావాలి. తర్వాత రెండేళ్ల క్రితం ఆయన సంతకాలు చేయించుకున్న పిల్లల జాబితా తీసి, వాళ్లలో ఎంతమంది ఇంకా రోస్టర్‌లో ఉన్నారో టిక్ పెట్టండి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (స్కూల్ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) వచ్చాక వెళ్లిపోవడం చాలా తేలికైంది. సగానికి పైగా వెళ్లిపోతే ఎందుకో ఆరా తీయాలి.

దీనికి డబ్బు కూడా తోడైంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు సెటిల్‌మెంట్ ఆమోదం పొందాక స్కూళ్లే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి స్కూల్ మొత్తం పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అందులో ఏ స్థానానికి ఎంత పెట్టాలో తెలిసినవాడు కావాలి. ఆఫెన్సివ్ లైన్‌కి (ముందు నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే వరసకి) తక్కువ మిగిల్చి పాస్‌లు పట్టే రిసీవర్ల మీద పోసేవాడి దగ్గర నవంబరు చలిలో ఆట నడవదు. పదేళ్ల క్రితం గొప్ప రిక్రూటర్ అనిపించుకున్నవాడికి ఇది వస్తుందని అనుకోకండి. జనరల్ మేనేజర్‌గా ఎవర్ని పెట్టుకుంటాడో చూడండి.

మా అబ్బాయి ఇక్కడి హైస్కూల్ టీమ్‌లో ఆఫెన్సివ్ లైన్లో ఆడతాడు. దాంతో హైస్కూల్ కోచ్‌లతో మాట్లాడే అవకాశం దొరుకుతోంది. అన్ని వార్తా చానళ్ల కంటే వాళ్ల మాటకి నేను విలువ ఇస్తాను. ఫలానా యూనివర్సిటీ కోచ్ మంచివాడా అని వాళ్లని అడిగితే అందరూ మంచివాళ్లే అంటారు, దాంతో ఏం తెలియదు. ఇలా అడగాలి: మీ దగ్గర స్టార్ ప్లేయర్ లేని ఏడాది కూడా వాళ్ల అసిస్టెంట్ వచ్చాడా? స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పి వెనక్కి తీసుకున్నప్పుడు ఎవరు ఫోన్ చేశారు, హెడ్ కోచా, ఇంకెవరైనానా? మోకాలు దెబ్బతిన్న పిల్లవాడి స్కాలర్‌షిప్ ఏమైంది? ఈ మూడో ప్రశ్నకి వాళ్లు కాసేపు ఆలోచించి చెబుతారు. అప్పుడు రాసుకోండి. మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు, ఒకరిద్దరు ఈ ఆటలోకీ వస్తున్నారు. మన ఇంటి పిల్లవాడినే ఆయన చేతికి ఇస్తామా అని ఒక్కసారి అనుకుని చూస్తే చాలా పేర్లు తగ్గిపోతాయి.

కోఆర్డినేటర్లు, ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి వచ్చేవాళ్లు

కోఆర్డినేటర్ పేరు వినిపిస్తే మొదటి ప్రశ్న: ప్లేలు ఎవరు పిలుస్తున్నారు, అంటే ప్రతి ఎత్తునీ ఎవరు నిర్ణయిస్తున్నారు? చాలా చోట్ల ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ పదవి ఒకరిది, పిలుపు హెడ్ కోచ్‌ది. రెండో ప్రశ్న: ఆయన వచ్చాక ఎవరైనా క్వార్టర్‌బ్యాక్ మెరుగయ్యాడా, లేక మెరుగైనవాడే దొరికాడా? అయినా ఇక్కడ గట్టి సూత్రం లేదు. క్లెమ్సన్‌లో డాబో స్విన్నీ అసలు కోఆర్డినేటర్‌గా పనిచేయనే లేదు, రిసీవర్ల కోచ్‌గా ఉండగా 2008లో సీజన్ మధ్యలో తాత్కాలికంగా కూర్చోబెట్టారు. 2016, 2018 టైటిళ్లు తెచ్చాడు.

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) పేరు చూసి మురిసిపోకండి, అక్కడ ఓడిపోయాడని తీసిపారేయకండి. 2003 జనవరిలో ఓక్‌లాండ్ రైడర్స్‌ని సూపర్ బౌల్‌కి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్‌కి, తీసుకెళ్లిన కాలహాన్‌ని మేం తెచ్చుకున్నాం. కాలేజీలో హెడ్ కోచ్‌గా చేసిన అనుభవం ఆయనకి లేదు. దశాబ్దాలుగా పరుగు మీద నడిచిన టీమ్‌ని ఒక్కసారిగా పాసింగ్‌కి మార్చారు. మొదటి ఏడాదే 5-6, నెబ్రాస్కా 1961 తర్వాత మొదటిసారి గెలుపుల కంటే ఎక్కువ ఓడింది. 2007లో కాన్సస్ మా మీద 76 పాయింట్లు కొట్టింది. ఆరు సూపర్ బౌళ్లు గెలిచిన బిల్ బెలిచెక్ నార్త్ కరొలైనాలో మొదటి ఏడాది 4-8. మరోవైపు సేబన్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ మయామీ డాల్ఫిన్స్‌లో 15-17, తర్వాత అలబామాలో ఆరు టైటిళ్లు. తేడా ఎక్కడుంది? సేబన్ అంతకుముందే ఎల్‌ఎస్‌యూలో టైటిల్ గెలిచాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ గీత కొట్టేసి కాలేజీ గీతలు మాత్రమే చదవండి, ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి మా దగ్గరికి వచ్చిన రూల్ విషయంలో కూడా అంతే.

ఆయనతో ఎవరు వస్తారు అన్నది దీనికంటే ముఖ్యం. సిగ్నెటి ఇండియానాకి వెళ్తూ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ మైక్ షానహాన్‌నీ, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయంట్ హెయిన్స్‌నీ జేమ్స్ మాడిసన్ నుంచి వెంట తీసుకెళ్లాడు, పదిమందికి పైగా ఆటగాళ్లు కూడా వెళ్లారు. కొత్త చోట మొదటి రోజే తన పద్ధతి తెలిసినవాళ్లు గదిలో ఉన్నారు. అభ్యర్థి కింద అసిస్టెంట్లు ఏటా మారిపోతుంటే పేజీలో రాసుకోండి. ప్రమోషన్ మీద వెళ్తే మంచిదే, అదే జీతానికి పక్కకి వెళ్తుంటే మంచిది కాదు.

చదువు, గతం

మనలో చాలామంది ఉద్యోగానికి ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటినవాళ్లమే, రిలీవింగ్ లెటర్ కోసం పాత కంపెనీ చుట్టూ తిరిగినవాళ్లమే. అంతకన్నా ఎన్నో రెట్లు జీతం ఉన్న ఈ ఉద్యోగంలో ఆ చెక్ జరగకపోతే ఏమవుతుందో 2001లో నోటర్ డామ్ చూసింది. జార్జ్ ఓలీరీని హెడ్ కోచ్‌గా ప్రకటించారు. రెజ్యూమేలో లేని మాస్టర్స్ డిగ్రీ, కాలేజీలో ఆడని ఆట ఉన్నాయని బయటపడి ఐదు రోజులకే రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత ఆయన యూసీఎఫ్‌కి వెళ్లాడు. 2013లో ఫియెస్టా బౌల్ గెలిచిన 12-1 ఆయనదే, 2015లో 0-12లో ఎక్కువ భాగం కూడా ఆయనదే.

కోచ్‌లని వెతికిపెట్టే సెర్చ్ ఫర్మ్‌లకి స్కూళ్లు లక్షల డాలర్లు ఇచ్చేది కొంత రహస్యం కోసం, కొంత దీనికోసం. మనం చేయగలిగింది తక్కువ: పాత ఊరి స్థానిక పత్రికలు చదవడం. జాతీయ చానళ్లు ప్రకటన రోజు మాత్రమే వస్తాయి. ఆ ఊరి రిపోర్టర్ వారం వారం ఆ గదిలో కూర్చున్నవాడు. గాయాల గురించి, క్రమశిక్షణ గురించి, పిల్లల డిగ్రీల గురించి అతను రాసినవి మూడేళ్ల వెనక నుంచి చదవండి.

కాంట్రాక్ట్

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కాంట్రాక్ట్ సాధారణంగా బయటికి వస్తుంది. జీతం అంకె దగ్గర ఆగిపోకండి. మధ్యలో తీసేస్తే ఎంత ఇవ్వాలి, ఏ తేదీకి అది తగ్గుతుంది, ఆయన ఇంకో ఉద్యోగం చూసుకుంటే ఆ జీతం ఇందులోంచి తీసేస్తారా, ఈ మూడు చూడండి.

టెక్సస్ ఏ అండ్ ఎం 2023 నవంబరులో జింబో ఫిషర్‌ని తీసేసింది, 45-25 రికార్డు మీద. ఆయనకి ఇవ్వాల్సింది 7.6 కోట్ల డాలర్లకి పైనే. 2021లో కాంట్రాక్ట్‌ని 2031 దాకా పొడిగించడం వల్ల ఆ భారం పెరిగింది. పైగా ఆయన వేరేచోట చేరినా ఒక్క డాలర్ తగ్గదని రాసుకున్నారు. మా దగ్గర ఫ్రాస్ట్‌ని 2022 సెప్టెంబరు 11న తీసేశారు, జార్జియా సదరన్ చేతిలో ఓడిన మర్నాడే. అక్టోబరు 1 దాకా ఆగితే 1.5 కోట్ల డాలర్లు సగమయ్యేవి. ఆగలేదు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే ఆ మూడు వారాలు కొత్త కోచ్ వేటకి కలిసొచ్చాయి. అయితే అభ్యర్థిని తూచేటప్పుడు ఆయన ఖరీదులో పాత కోచ్‌కి ఇవ్వాల్సిన డబ్బు కూడా కలిసే ఉంటుంది. ఆ డబ్బు బూస్టర్ల (టీమ్‌కి విరాళాలిచ్చేవాళ్ల) దగ్గర నుంచి వస్తే, కొత్త కోచ్ ఎంపికలో వాళ్ల మాట ఎంత చెల్లుతుందో కూడా అర్థమవుతుంది.

పుకార్లు

పెద్ద కోచ్ పేరు వినిపిస్తే రెండు వారాల తర్వాత ఆయనకి ఉన్నచోటే జీతం పెరిగిందన్న వార్త రావడం మామూలు. కొన్ని పేర్లు ఏజెంట్లే వదులుతారు. నేనైతే ఒక పేరు ఆ కోచ్ ఉన్న ఊరి రిపోర్టర్, మన ఊరి రిపోర్టర్ ఇద్దరూ రాస్తేనే కొత్త పేజీ తెరుస్తాను. ప్రైవేట్ జెట్ ఎక్కడ దిగిందో యాప్‌లో చూడటం సరదాగా ఉంటుంది గానీ, అందులో ఎవరున్నారో తెలియదు. కాదన్న మాటని కూడా పూర్తిగా నమ్మకూడదు. అలబామా కోచ్‌గా వెళ్లడం లేదని సేబన్ 2006 డిసెంబరులో గట్టిగా చెప్పాడు, రెండు వారాలు తిరక్కుండా వెళ్లాడు.

తాత్కాలిక కోచ్ విషయం తొందరగా చెప్పేస్తాను. నాలుగైదు వారాల ఉత్సాహం చూసి ఆయన్నే పెట్టేయమనడం సహజం. ఆ వారాల్లో ఆయన పిల్లల్ని కొత్తగా తేలేదు, స్టాఫ్‌ని ఎంచుకోలేదు, కాబట్టి రాసుకోవడానికి పేజీలో చాలా కొంచెమే ఉంటుంది. ఎల్‌ఎస్‌యూలో ఓర్జెరాన్ అలాగే వచ్చి 2019లో 15-0 తెచ్చాడు, 2021 చివరికి ఇంటికి వెళ్లాడు.

చివరికి పేజీలన్నీ టేబుల్ మీద పరిచి, ముందు స్కూల్ పేజీ చదివి, తర్వాత ఒక్కొక్కటి దాని పక్కన పెట్టి చూస్తాను. మార్కులు వేయను. మార్కులు వేస్తే రికార్డు గీతే గెలుస్తుంది. మన దగ్గర లేనిది ఈయన ఇంతకుముందు ఎక్కడైనా లేనిచోట తెచ్చాడా అని మాత్రమే అడుగుతాను. మా వరకు అది వేల మైళ్ల అవతలి నుంచి ఆటగాళ్లని తేవడం, ఉన్న చలికి తగ్గ లైన్‌ని కట్టడం. సాధారణంగా ఇద్దరో ముగ్గురో మిగులుతారు.

ప్రకటన వచ్చాక పేజీ మూసేయకండి. ప్రెస్ మీట్లో అందరూ బాగానే మాట్లాడతారు, దానికి చోటివ్వకండి. డిసెంబరు మొదట్లో సంతకాల రోజు (హైస్కూల్ ఆటగాళ్లు కాలేజీకి మాట ఇచ్చి సంతకం పెట్టే రోజు) వచ్చేస్తుంది కాబట్టి మొదటి పది రోజుల్లో ఎవరెవరికి ఫోన్ చేశాడో మీ ఊరి హైస్కూల్ కోచ్‌లకి తెలిసిపోతుంది, వాళ్లని అడగండి. స్టాఫ్ పేర్లు ఒక్కొక్కటీ వస్తుంటే అందరూ కోఆర్డినేటర్ల కోసం చూస్తారు. మీరు ఆఫెన్సివ్ లైన్ కోచ్ ఎవరో చూడండి, ఆయన అంతకుముందు ఈ హెడ్ కోచ్‌తో ఎన్నేళ్లు పనిచేశాడో పేజీ కింద రాసుకోండి.